బోల్టు విప్పకముందే

మదనపల్లెలో పెళ్లి చూసుకుని కుప్పానికి బయల్దేరారు. పుంగనూరు దాటింది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. మీటర్ల మధ్య ఎర్రటి థర్మామీటరు బొమ్మ వెలిగింది. "ఇంకెంతలే, పలమనేరులో చూపిద్దాం" అనుకున్నారు. కాసేపటికి ఏసీలోంచి వేడిగాలి కొట్టింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. బండి గుంజుకుంటూ గుంజుకుంటూ పోయి ఆగిపోయింది. చింతచెట్టు కింద నిలబడి మీరు మొదట తీసి చూసింది ఏమిటి? సర్వీసు పుస్తకం. వారంటీ ముగిసి నాలుగు నెలలు.

అలాంటి చెట్టు కింద నేనూ నిలబడ్డాను. ఆ సాయంత్రమే కారును ఒక షెడ్డుకు చేర్చి, "ఏం చేస్తారో చేయండన్నా, ఎల్లుండికి బండి కావాలి" అని చెప్పి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున ఫోన్ వచ్చింది: "హెడ్ ఎత్తేశాం సార్. లోపల చానా పోయింది." ముందురోజు నోటిమాటగా చెప్పిన 18 వేలు ఆ ఫోనులో 74 వేలయింది. ఇంకో మెకానిక్‌కు చూపిద్దామంటే ఇంజన్ ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఉంది. కంపెనీకి రాద్దామంటే "మేం చూడకముందే విప్పేశారుగా" అన్నారు. ఎవరినీ నిందించలేను. విప్పమన్నది నేనే.

అప్పటినుంచి తెలిసినవాళ్లెవరికైనా ఇంజన్ పోయిందంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "విప్పారా?" విప్పలేదంటే నాకు ధైర్యం. మొదటి బోల్టు విప్పేదాకా మాట మీది. విప్పిన తర్వాత మాట షెడ్డుది. ఈ అధ్యాయంలో చెప్పేది చాలావరకు ఆ బోల్టుకు ముందు మీకు దొరికే ఒకటి రెండు రోజుల గురించే.

1. ఆపండి, మళ్లీ స్టార్ట్ చేయకండి

ఎర్ర దీపం వెలిగాక నడిపే ప్రతి కిలోమీటరూ బిల్లుకు ఒక గీత కలుపుతుంది. ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే కిలోమీటరు కూడా ఎక్కువే. క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగ్‌కూ మధ్య ఉండేది పల్చటి ఆయిల్ పొర. అది పోతే ఇనుము ఇనుమును తినేస్తుంది. వేడి దీపం వెలిగిందా? ఇప్పటి కార్లలో హెడ్, అంటే సిలిండర్ల పై మూత, అల్యూమినియంది. అతిగా వేడెక్కితే అట్లపెనంలా వంగుతుంది. దీపం వెలగగానే ఆపితే రేడియేటర్ గొట్టంతో పోయేది, పలమనేరు దాకా లాగితే హెడ్డు దాకా వస్తుంది.

ఇక్కడ అందరం చేసే పొరపాట్లు మూడున్నాయి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పడం ఒకటి. లోపల ఒత్తిడి మీదున్న నీళ్లు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలతాయి. చన్నీళ్లు పోయడం రెండోది. కాగిన లోహం మీద చన్నీళ్లు పడితే హెడ్డుకో బ్లాకుకో చీలిక రావచ్చు. మూడోది, "ఒక్కసారి చూద్దాం" అని మళ్లీ తాళం తిప్పడం. ముప్పావుగంట ఆగండి. పిల్లల్ని దించి నీడలో కూర్చోబెట్టండి.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఊళ్లను కలుపుతూ పోయేది 42వ జాతీయ రహదారి. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033కు ఫోన్ చేయవచ్చు. రాత్రీపగలూ పనిచేసే నంబరు. లాగించేటప్పుడు తాడు కట్టి ఈడ్పించకండి. ముఖ్యంగా ఆటోమేటిక్ గేరు బండి అయితే, ఇంజన్ తిప్పే చక్రాలు నేల మీద ఉండగా ఈడిస్తే గేరుబాక్సు కూడా పోవచ్చు. బండిని పైకెక్కించుకుని పోయే లారీనే పిలవండి.

వాననీళ్లలో ఆగిన కారుకైతే ఇంకా జాగ్రత్త. 2021 నవంబరు వానలు మన రాయలసీమలో ఎవరూ మర్చిపోలేరు. అలాంటి నీళ్లలో ఇంజన్ ఆగాక మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి చేరిన నీరు పిస్టన్‌కు అడ్డం పడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిము కాదనడానికి ఎక్కువగా చూపే కారణం కూడా ఆ రెండోసారి తిప్పిన తాళమే.

2. ఫోన్ తీయండి, ఫోటోలు తీయండి

కిలోమీటర్ల రీడింగు, వెలిగిన దీపాలు, కూలెంట్ డబ్బాలో మట్టం, కారు కింద కారిన మరక, ఆగిన చోటు. ఐదు ఫోటోలు, ఐదు నిమిషాల పని. రేపు కంపెనీ వాళ్లు "దీపం వెలిగాక ఎంత దూరం నడిపారు?" అని అడిగితే ఫోటో మీద పడ్డ టైమే జవాబు చెబుతుంది.

చల్లారాక ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి లాగి, తెల్లగుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఇది మెకానిక్‌కు వదిలేసే పని కాదు, మీరే చూడండి. ఆయిల్ తేనెరంగులోనో నల్లగానో ఉంటే అది మామూలు. పాలు ఎక్కువైన టీలాగా, చిక్కటి మజ్జిగలాగా ఉంటే ఆయిల్లో కూలెంట్ కలిసింది. హెడ్ గాస్కెట్ పోయిందనడానికి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. గుడ్డ మీద సన్నటి రజను మెరిస్తే బేరింగులు అరిగి ఆయిల్లో కలిశాయని అనుమానించాలి. పుల్లకు ఆయిలే అంటకపోతే, అది ఎటు పోయిందన్నదే మొదటి ప్రశ్న. ఆ పుల్లను కూడా ఫోటో తీసుకోండి.

ఆగకముందు పొగ వచ్చిందా? తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ కాలుతోంది. నీలిపొగ అయితే ఆయిల్ తింటోంది. డీజిల్ బండిలో నల్లపొగకు కారణం చాలాసార్లు ఇంధనం, గాలి, టర్బో దగ్గర ఉంటుంది. ఇంజన్ అంతా విప్పాల్సిన జబ్బు కాకపోవచ్చు.

3. విప్పకుండా తెలుసుకోగలిగింది చాలా ఉంది

"హెడ్ ఎత్తితే గానీ చెప్పలేం సార్" అన్న మాట మీరు కచ్చితంగా వింటారు. ఒక్కోసారి అది నిజమే. కానీ దానికి ముందు చేయగలిగిన పరీక్షలు ఎన్ని ఉన్నాయో మీకు తెలిస్తే, ఆ మాట అంత తొందరగా రాదు. వీటిని పేరుపెట్టి అడగండి:

స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్‌లు తీయడం, ఆ కాగితం మీకు ఇవ్వడం. ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ చూడటం. మూడు సిలిండర్లు బాగుండి ఒకటే పడిపోతే జబ్బు ఒక్కచోటే ఉంది, ఇంజన్ మొత్తం పోలేదు. కూలింగ్ సిస్టంలోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూడటం. ప్లగ్గు లేదా ఇంజెక్టర్ తీసిన రంధ్రంలోంచి సన్నటి కెమెరా దించి పిస్టన్ తలనూ సిలిండర్ గోడనూ చూడటం. టైమింగ్ బెల్ట్ తెగిన బండిలో ఈ కెమెరా చాలా పనికొస్తుంది. వాల్వులు వచ్చి పిస్టన్‌కు కొట్టాయో లేదో చాలావరకు కనబడుతుంది.

ఇవన్నీ చేయగల షెడ్డు మీ ఊళ్లో లేకపోతే? మదనపల్లె నుంచి చింతామణి మీదుగా, కుప్పం నుంచి కేజీఎఫ్ మీదుగా బెంగళూరు మనకు దగ్గరే. లారీకి అయ్యే ఖర్చు చూసి వెనక్కి తగ్గకండి, కానీ వెళ్లేముందు ఫోన్ చేసి పరీక్షకు ఎంత, పని చేయించుకోకపోతే ఎంత తీసుకుంటారు అని అడగండి. కంపెనీ సర్వీసు సెంటర్లో ఒకమాట, ఊళ్లో చేయి తిరిగిన మెకానిక్‌తో ఒకమాట తీసుకోండి. ఆయన సమయానికి డబ్బిచ్చి తీసుకోండి. ఉచితంగా అడిగిన సలహా ఇచ్చేవాళ్లకు ఆ పని తమకే రావాలన్న ఆశ ఉండటం సహజం.

4. వారంటీ పోయినా తట్టాల్సిన తలుపులు

రీకాల్: మీ మోడల్‌లో లోపముందని కంపెనీయే కార్లను వెనక్కి పిలిచిందేమో, అంటే రీకాల్ ప్రకటించిందేమో, ఛాసిస్ నంబరుతో చూడండి. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఆ సౌకర్యం ఉంది. రీకాల్ పనికి వారంటీతో సంబంధం లేదు, డబ్బు తీసుకోరు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఏడేళ్లలోపు వాహనాల్లో లోపంపై ఫిర్యాదులు తగినన్ని వస్తే, రీకాల్ చేయమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. అందుకే మీ ఒక్కరి ఫిర్యాదు కూడా లెక్కలోకి వస్తుంది.

పొడిగించిన వారంటీ: కారు కొన్న రోజు షోరూములో మీ చేత సంతకం పెట్టించిన కాగితాల కట్ట ఇంట్లో ఎక్కడుందో వెతకండి. రోడ్డు టాక్సు, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్‌ల మధ్య పొడిగించిన వారంటీ రసీదు కూడా ఉండొచ్చు. పుంగనూరులో ఒక టీచరు గారు ఇంజన్ పని మొదలుపెట్టించే ముందురోజు ఈ కట్ట తీసి చూశారు. ఐదో ఏడు దాకా వారంటీ కొన్నట్టు ఆయనకే గుర్తులేదు.

ఇన్సూరెన్సు: మామూలు పాలసీ యంత్రం తనంతట తాను పాడైతే, అరిగిపోతే ఇవ్వదు. ప్రమాదం, వరద సంగతి వేరు. రాయి తగిలి ఆయిల్ సంపు పగిలి ఇంజన్ పట్టేస్తే, నీళ్లు దూరితే, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉన్నవాళ్లకు సాధారణంగా వస్తుంది. సర్వేయరు చూడకముందు మాత్రం ఒక్క నట్టు కూడా కదలకూడదు. క్లెయిము అన్యాయంగా కాదన్నారని మీకనిపిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు.

గుడ్‌విల్: చాలామందికి తెలియని తలుపు ఇదే. వారంటీ ఇటీవలే ముగిసి, సర్వీసులు సక్రమంగా జరిగిన కారుకు పెద్ద భాగం పోతే, కంపెనీ ఆ ఖర్చులో కొంత భరించడం ఉంది. ఇది హక్కు కాదు, అడిగితే దొరకగల వెసులుబాటు. అడగాల్సింది సర్వీసు సెంటర్ కౌంటర్ దగ్గర నోటితో కాదు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్‌తో. కోపం వద్దు, వివరాలు కావాలి. ఇలా రాయండి:

"నా కారు ఛాసిస్ నంబరు ఇది. కొన్న తేదీ ఇది. ఇప్పటికి 61,000 కిలోమీటర్లు నడిచింది. వారంటీ ముగిసి నాలుగు నెలలు. అన్ని సర్వీసులు సమయానికి చేయించాను, బిల్లులు జతచేశాను. ఈ తేదీన ప్రయాణంలో ఇంజన్ ఆగింది. ఇంజన్ ఇంకా విప్పలేదు. మీ ఇంజనీరు వచ్చి చూడాలని, భాగాల ఖర్చులో కంపెనీ వాటా భరించాలని కోరుతున్నాను."

"ఇంకా విప్పలేదు" అన్న ఆ రెండు మాటలకే ఈ ఉత్తరంలో ఎక్కువ బరువు.

"మీరు బయట సర్వీసు చేయించారు" అని కొట్టిపారేస్తే బెదిరిపోకండి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, స్కానర్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వకపోవడం తప్పని చెప్పింది. బయట పని చేయిస్తే చాలు వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ ఆదేశించింది. 2016లో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల జరిమానా తగ్గించినా, తప్పును తప్పనే అంది. బయట చేయించిన సర్వీసుకు కూడా బిల్లు ఉంటే మీ మాటకు బలం ఉంటుంది.

5. మూడు వరుసల ఎస్టిమేటు

విప్పమని చెప్పే ముందు కాగితం మీద మూడు వరుసలు రాయించండి: సామాన్లు, లేత్ పని, కూలి. లేత్ పని అంటే హెడ్ ఫేసింగ్, బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ లాంటివి. చాలా షెడ్లు ఆ పని బయటికి పంపిస్తాయి. ఎక్కడికి పంపిస్తారు, ఆ బిల్లు మీకు చూపిస్తారా అని అడగండి. ఇంకో మాట తప్పకుండా రాయించండి: "విప్పాక ఖర్చు ఇంత దాటితే ఫోన్ చేసి ఒప్పుకున్నాకే ముందుకు." వాట్సాప్‌లో రాయించుకున్నా చాలు. నాకు 74 వేల ఫోన్ రావడానికి కారణం ఈ ఒక్క వాక్యం లేకపోవడమే.

విప్పిన పాత సామాను మొత్తం మీకే ఇవ్వాలని ముందే చెప్పండి. హెడ్ బోల్టులు కొత్తవి వేస్తున్నారా అని అడగండి. చాలా ఇప్పటి ఇంజన్లలో అవి ఒకసారి బిగిస్తే సాగుతాయి, మళ్లీ వాడకూడదు. చిన్న ఖర్చుకు వెనకాడి పాతవే బిగిస్తే కొత్త గాస్కెట్ నిలవదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. ఎస్టిమేటులో ఇంకా 28 అని ఉంటే వేలు పెట్టి చూపించండి.

కంపెనీయే దేశంలో అమ్మకాలు ఆపేసిన కారా? షెవ్రోలే 2017లో, ఫోర్డ్ 2021లో అలా ఆగినవే. అప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది భాగం ఎన్ని రోజుల్లో చేతికొస్తుందని. అది చేతికొచ్చాకే విప్పించండి. విప్పిన ఇంజన్ దుమ్ములో నెల రోజులు ఉండకూడదు.

6. బాగుచేయాలా, ఇంజన్ మార్చాలా, అమ్మేయాలా?

మనసు ఒకటి చెబుతుంది, లెక్క ఒకటి చెబుతుంది. ముందు లెక్క చూడండి. మీ కారు నడిచే స్థితిలో 3,20,000 పలుకుతుందనుకుందాం. ఇంజన్ పోయి నిలబడ్డ ఇదే కారుకు 1,30,000 ఇస్తామన్నారు. తేడా 1,90,000. రిపేరు 1,10,000లో అయితే చేయించండి, అమ్మాలనుకున్నా చేయించి అమ్మితేనే మేలు. ఎస్టిమేటు రెండు లక్షలు దాటితే ఉన్నది ఉన్నట్టు అమ్మడమే మంచిది. ఈ రెండు ధరలు తెలుసుకోకుండా "కారు మీద ఇంత పెట్టాలా?" అని ఇంట్లో వాదించుకుంటే తేలేది లేదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేసుకోవడం మన వైపు మామూలే. బెంగళూరులోనో చెన్నై పుదుపేటలోనో దొరుకుతుంది. కానీ ఏ బండిలోంచి తీశారో తెలియని ఇంజన్ దొంగబండిది కాదని ఎవరు చెప్పగలరు? బిల్లు, ఆ పాత బండి ఆర్‌సీ కాపీ, దాన్ని తుక్కు చేసినట్టు కాగితం లేకుండా తీసుకోకండి. కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించాలి కాబట్టి కొనేముందే ఆర్టీఓ ఆఫీసులో పద్ధతి కనుక్కోండి. కుప్పం నుంచి అటు తమిళనాడు, ఇటు కర్ణాటక చెక్‌పోస్టులు దాటేవాళ్లకు నంబరు తేడా పెద్ద తలనొప్పి.

7. జబ్బు ఎందుకొచ్చిందో తేలకుండా బండి తీసుకోకండి

గాస్కెట్ పోయింది, మార్చారు. బాగుంది. ఎందుకు పోయింది? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా బయటికొచ్చిన కారు మూడు నెలల్లో మళ్లీ అదే చెట్టు కిందికి వస్తుంది. థర్మోస్టాట్ మూసుకుపోయిందా, ఫ్యాను తిరగట్లేదా, వాటర్ పంపు అరిగిందా, రేడియేటర్ పూడిందా?

మన వైపు రేడియేటర్ పూడటానికి ఒక కారణం మన ఇళ్లలోనే ఉంది. బోరునీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి. గోరుతో గీస్తే పెచ్చులుగా ఊడే తెల్లటి పొర. రేడియేటర్లో మట్టం తగ్గిందని డబ్బాతో బోరునీళ్లు పోస్తూ వచ్చిన కారులో, దారమంత సన్నటి దారుల్లో కూడా అదే పొర పేరుకుంటుంది. మామూలు రోజు ఏమీ తెలియదు. మే నెలలో నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని హార్స్లీ హిల్స్ మలుపులెక్కిన రోజు తెలుస్తుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయనివ్వకండి. దారిలో గత్యంతరం లేక మామూలు నీళ్లు పోస్తే ఆ వారంలోనే కడిగించి మార్పించండి.

8. గొడవ తప్పకపోతే

ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్‌దే. ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, పది లక్షల లోపైతే 200 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు. కారును ట్యాక్సీగా మీరే నడుపుకుని బతుకుతుంటే "వ్యాపారానికి కొన్నది" అని మిమ్మల్ని బయటికి నెట్టలేరు. సొంత ఉపాధికి చట్టం మినహాయింపు ఇచ్చింది.

కానీ ఏం అడగాలో ముందే తేల్చుకోండి. కొత్త కారు ఇప్పించమని అడిగేవాళ్లే ఎక్కువ. మారుతీ ఉద్యోగ్ మీద సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లోనే సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని మార్చడమే వారంటీ బాధ్యత, కారు మొత్తం మార్చాల్సిన పని లేదని చెప్పింది. ఇంజన్ ఖర్చు అడగండి, నిలబడుతుంది. లోపం తయారీలోనే ఉందని చూపించాల్సింది మీరే. అందుకు నిపుణుడి నివేదిక కావాలి. ఇంకోటి కూడా కావాలి: వారంటీ ఉన్నప్పటి జాబ్ కార్డులు. "ఆయిల్ తగ్గుతోంది", "కూలెంట్ తగ్గుతోంది" అని వారంటీలో ఉన్నప్పుడే మీరు చెప్పి, జాబ్ కార్డులో రాయించి ఉంటే కథ వేరు. జబ్బు వారంటీలోనే మొదలైందని ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు ఈ పుస్తకం చదువుతున్న మీ కారుకు ఇంకా వారంటీ ఉందా? అయితే ఈ నెల సర్వీసులో ప్రతి చిన్న శబ్దాన్నీ రాయించండి. "అది మామూలే సార్" అన్నా సరే, రాయమనండి.

9. తీసుకున్న తర్వాత మొదటి వెయ్యి కిలోమీటర్లు

రింగులు, బేరింగులు కొత్తవైతే బండిని కొత్తబండిలాగే చూసుకోవాలి. గట్టిగా తొక్కకండి, బరువు ఎక్కించకండి, ఒకే వేగంతో గంటలకొద్దీ పోకండి. వారంలో రెండుసార్లు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్, కూలెంట్ మట్టాలు చూసి తేదీతో రాసుకోండి. రిపేరుకు ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు గ్యారంటీ ఇస్తున్నారో బిల్లు మీదే రాయించుకుని ఉంటారు కదా? ఆ బిల్లును కారు డ్యాష్‌బోర్డు అరలోనే పెట్టండి.

వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. పాత ఆయిల్‌ను తెల్లటి డబ్బాలోకి వంపించి ఎండలో పెట్టి చూడండి. పని తర్వాత మొదటి ఆయిల్లో కొంచెం సన్నటి రజను ఉండొచ్చు. వేళ్ల మధ్య గరుకుగా తగిలే రేకులు కనిపిస్తే ఫోటో తీసి, ఆ ఆయిల్‌ను సీసాలో పోసుకుని, బిల్లు పట్టుకుని, అదే కారులో కాదు, లారీ మీద ఎక్కించుకుని ఆ రోజే షెడ్డుకు వెళ్లండి.